పసుపుగుడ్డ కట్టిన ఇంజన్

లంకరేవులో పడవ నడిపే తాతాజీకి ఇంజన్లంటే ప్రాణం, గంగమ్మంటే భయం. ఈ రెండింటికీ మధ్య ఏనాడూ పేచీ రాలేదు, కొత్త ఇంజన్ వచ్చేదాకా.

పాతది మూలపడితే రాజమహేంద్రవరం నుంచి కొత్త డీజిల్ ఇంజన్ తెప్పించి, మెకానిక్ ఏసురాజు చేత పడవకి బిగింపించాడు. ఆ రోజు అది బ్రహ్మాండంగా నడిచింది. మర్నాడు తాతాజీ భార్య సంపూర్ణమ్మ దానికి పూజ చేసింది. కూతురు హారతికి నెలలు నిండుతున్నాయి. కాన్పు సుఖంగా జరగాలని గంగమ్మకి మొక్కుకుని, పసుపులో ముంచిన గుడ్డని ఇంజన్‌కి చుట్టి ముడేసింది. బిడ్డ పుట్టాకే విప్పుతానంది. చుట్టడానికి ఆవిడకి అనువుగా దొరికింది ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టం మూతి.

ఆనాటి నుంచి ఇంజన్‌కి రోగం పట్టుకుంది. హ్యాండిల్ తిప్పీ తిప్పీ భుజాలు పడిపోతేగాని అందుకోదు. అందుకున్నా నల్లటి పొగ కక్కుతుంది, బరువు పడితే నీరసపడిపోతుంది. ఏసురాజు వచ్చి ట్యాంకు కడిగాడు, నాజిల్ మార్చాడు. చివరికి గుడ్డ వైపు చూసి, అదోసారి తీసి చూద్దామా అండీ అన్నాడు. తాతాజీ మొహం ముడుచుకున్నాడు. ఆదివారం చర్చికెళ్లే తను ఆ మాట రెండోసారి అంటే ఏమనుకుంటారోనని ఏసురాజు ఊరుకున్నాడు. అదీ మనవాళ్ల మర్యాద! పొగ నల్లగా వస్తే గాలాడటం లేదని తాతాజీకి మాత్రం తెలియదా? తెలుసు. తెలిసీ ఆ ముడి జోలికి పోలేకపోయాడు. ఇద్దరికీ చెరో మొట్టికాయ వెయ్యాలి.

ఇంతలో గోదారికి వరద ఎర్రనీరొచ్చింది. లంక ఖాళీ చెయ్యమని మైకులో చెప్పిన పొద్దునే హారతికి నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది. జోరువానలో తల్లీకూతుళ్లని ఎక్కించుకుని తాతాజీ పడవ కదిపాడు.

నడిగోదాట్లోకి వచ్చేసరికి వానకి తడిసిన గుడ్డ గొట్టానికి అతుక్కుపోయింది. ఇంజన్ ఎగశ్వాస తీసి ఆగిపోయింది. హ్యాండిల్ ఎంత తిప్పినా పలకలేదు. పడవ అడ్డం తిరిగి వంతెన స్తంభాల వైపు కొట్టుకుపోతోంది. గుడ్డ మీదకి వెళ్లిన తాతాజీ చెయ్యి ముడి దగ్గర ఆగిపోయింది.

"ఇది తియ్యకపోతే ముగ్గురం పోతాం, సంపూర్ణా," అన్నాడు.

హారతి మూలుగుతోంది. సంపూర్ణమ్మ కూతురి తలని ఒళ్లోంచి మెల్లగా దించి లేచింది.

"మీరు ముట్టుకోకండి. కట్టింది నేను. ఆ పాపమేదో నాకే తగలనివ్వండి."

నానిన ముడి వేళ్లకి రాలేదు. పళ్లతో పీకింది. తాతాజీ కళ్లు మూసుకుని హ్యాండిల్ తిప్పాడు. ఇంజన్ ఒక్క ఊపున అందుకుంది. స్తంభం పక్కనుంచి ఒరుసుకుంటూ బయటపడి, పడవ ఒడ్డు చేరింది.

రేవులో అంబులెన్స్ సిద్ధంగా ఉంది. హారతిని పడుకోబెట్టాక సంపూర్ణమ్మ వెనక్కి తిరిగింది. మసిపట్టిన గుడ్డ ఇంకా ఆవిడ గుప్పిట్లోనే ఉంది.

"ఏవండీ, బిడ్డ పుట్టకుండానే విప్పేశాను. పిల్లకేం కాదు కదా?"

తాతాజీ ఆవిడని కూతురి పక్కకి ఎక్కించాడు. తలుపు మూసుకుంది, అంబులెన్స్ వెళ్లిపోయింది. ఇంజన్ ఆపడం అతను మరిచేపోయాడు. వెనక పడవలో అది పొగన్నది లేకుండా, హాయిగా నడుస్తూనే ఉంది.