చర్చి నక్షత్రానికి పెట్టిన రెసిస్టర్లు

మా చర్చి గోపురానికి కట్టే క్రిస్మస్ నక్షత్రాన్ని ఆ ఏడాది ఎల్‌ఈడీలతో మనమే చేద్దామని కమిటీకి చెప్పింది మా అన్నయ్య. తనకు రావులపాలెంలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే షాపుంది. నేను పక్క ఊరి హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. చిన్నప్పుడు సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం నాకు నేర్పింది అన్నయ్యే.

"లెక్క నువ్వు చూడవే. అతకడం నేను చూసుకుంటాను" అన్నాడు.

పెద్ద లెక్కేం కాదు. అడాప్టరు పన్నెండు వోల్టులది. తెల్ల ఎల్‌ఈడీలు మూడేసి ఒక వరస. ఒక్కోటి మూడు పాయింట్ రెండు వోల్టులు తీసుకుంటే, చివరికి రెండు పాయింట్ నాలుగు మిగులుతుంది. ఆ మిగిలింది రెసిస్టరు మీద పడాలి. కరెంటు ఇరవై మిల్లీ ఆంపియర్లు దాటకుండా ఉండాలంటే నూట ఇరవై ఓమ్‌లు సరిపోతాయి. గంటలకొద్దీ వెలగాల్సినవి కదా అని, నేను ఇంకాస్త జాగ్రత్తపడి నూట యాభైవి ఏరి అన్నయ్య చేతికిచ్చాను.

క్యారల్స్ పాటల ఆరాధన సాయంత్రం నక్షత్రం వెలిగించారు. ఊరవతల వంతెన మీదికి కూడా కనపడుతోందన్నారు. నాకు చాలా గర్వంగా అనిపించింది. ప్రసంగం పూర్తికాకముందే ఒక్కో వరసా నీలంగా మారి, మసకబారి, ఆరిపోయింది.

బయటికొచ్చాక పాస్టరు అయ్యగారు ఏమైందని అడిగారు. అన్నయ్య నా భుజం మీద చెయ్యేశాడు.

"చెల్లి లెక్కలో ఎక్కడో పొరపాటు పడిందండి. ఏమీ అనుకోకండి."

"పర్లేదమ్మా" అన్నారాయన నాతో, ఎంతో దయగా.

తప్పు నాదేనేమో అనుకున్నాను. ఇంటికెళ్ళి మళ్ళీ లెక్క వేశాను. అదే వచ్చింది. పండగనాడు భోజనాల దగ్గర అన్నయ్య ఆ సంగతి చెప్పి అందరినీ నవ్వించాడు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను.

కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక నక్షత్రాన్ని దించి మా వరండాలో పెట్టారు. బాగుచేద్దామని వెనక టేపు విప్పాను. నేనిచ్చిన రెసిస్టర్ల మీద విలువ చెప్పే గీతలు గోధుమ, ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో ఉండాలి. లోపల ఉన్నవాటి మీద ఎరుపు, ఎరుపు, నలుపు. ఇరవై రెండు ఓమ్‌లు. అంత తక్కువైతే కరెంటు హద్దు దాటి ఎల్‌ఈడీలు మాడిపోతాయి. ఒకటీ అరా కాదు, ప్రతి వరసకీ అవే. ఎంత శుభ్రంగా అతికాడో.

షాపుకి వెళ్ళి ఒకటి తన ముందు పెట్టాను. అన్నయ్య దాన్ని చూశాడు, బుకాయించలేదు.

"నువ్విచ్చినవి పెట్టి చూస్తే వెలుగు చాలదనిపించింది."

"మరి నా లెక్క తప్పని ఎందుకు చెప్పావు?"

చేతిలో ఉన్న ఫోనుకి స్క్రూ బిగిస్తూనే అన్నాడు. "నాది రిపేరు షాపే. పని రాదని పేరొస్తే ఎవరొస్తారు? నీకేం, టీచరువి. నిన్నెవరూ ఏమనరు."

"అయ్యగారికి నిజం చెప్పన్నయ్యా."

"అయిపోయిందిగా. వదిలెయ్."

అమ్మ బాధపడుతుందని నేనెవరికీ చెప్పలేదు. నూట యాభైవి పెట్టి నక్షత్రాన్ని మొత్తం నేనే అతికాను. మరుసటి క్రిస్మస్‌కి అది ఒక్క వరస కూడా పోకుండా వెలిగింది. గోపురం ఎక్కి కట్టింది అన్నయ్య కాబట్టి అయ్యగారు మైకులో తనకి వందనాలు చెప్పారు. అన్నయ్య లేచి అందరికీ దండం పెట్టాడు. నా వైపు చూస్తాడేమోనని ఎదురుచూశాను. చూడలేదు.