చివరి టబ్బు నీళ్ళు

మామ్మ పోయిందని వాళ్ళ కోడలు ఫోన్ చేసినప్పుడు నేను పల్లీ చట్నీకి తాలింపు పెడుతున్నా. "అత్త తెల్లారుజామున పోయిందమ్మా" అంది. వారం నుంచి జ్వరమని మామ్మ పనికి రావడం లేదు. "అయ్యో" అన్నాను. పైకి అన్నది అది. లోపల ముందొచ్చిన మాట వేరే. 'ఇవాళ పెళ్ళిళ్ళు, హోటల్ కిటకిటలాడిపోద్ది, ఈ అంట్లెవరు తోముతారు?' అన్నది ముందొచ్చింది. ఈ ముక్క రాయకుండా దాటేద్దామనుకున్నా. కానీ దాటేసి దాటేసే ఇంతదాకా వచ్చాను కాబట్టి ఇక్కణ్ణుంచే మొదలుపెడుతున్నా.

చిలకలూరిపేటలో హైవే పక్కన, పత్తి జిన్నింగ్ మిల్లుల వరసలో నాదొక టిఫిన్ హోటల్. మామ్మ నాకు చుట్టమేం కాదు. పన్నెండేళ్ళు మా హోటల్లో అంట్లు తోమింది. మిల్లు కూలీలు, లారీ డ్రైవర్లు, అందరికీ ఆమె మామ్మే. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. అయినా ఆమె నన్ను 'మీరు' అనేది, నేను ఆమెని 'నువ్వు' అనేదాన్ని. ఆమె బతికున్నన్నాళ్ళూ ఇది నాకు వింతగా అనిపించలేదు. ఇప్పుడు కాగితం మీద రాసుకుంటే ఎబ్బెట్టుగా ఉంది.

హోటల్ పెట్టిన కొత్తలో మాకు బోరు లేదు. ట్యాంకరొస్తే డ్రమ్ములు నింపుకోవడం, రాకపోతే దారి వంక చూడటం. ఆ రోజుల్లో మామ్మ పనితనం చూడాలి. వెనక రేకుల షెడ్డులో మూడు ప్లాస్టిక్ టబ్బులు వరసగా పెట్టుకునేది. ప్లేటు రాగానే మిగిలింది కుడితి తొట్టిలోకి దులిపి, పొడి కొబ్బరి పీచుతో జిడ్డంతా తుడిచేసేది. ఆ తర్వాతే నీళ్ళు. మొదటి టబ్బులో తోమడం, రెండోదాంట్లో జాడించడం, మూడోదాంట్లో ముంచి తీయడం. మొదటిది మురికైపోతే పారబోసి, రెండోదాని నీళ్ళు దాంట్లోకి, మూడోదాని నీళ్ళు రెండోదాంట్లోకి వంచేది. కొత్త నీళ్ళు పడేది చివరి టబ్బులోనే. పొద్దున ఆరింటి నుంచి పదకొండు దాకా, వందల ప్లేట్లు, రెండు డ్రమ్ముల్లో అయిపోయేవి.

"ఇదేం లెక్క మామ్మా?" అని ఒకసారి అడిగాను.

"నీళ్ళు మూడు పనులు చేస్తయ్యమ్మా. ఒక్క పని చేయించుకుని తోలేస్తే ఎట్టా? మనిషినైనా అట్టా తోలెయ్యం గదా" అంది.

డ్రమ్ములో ఎంత ఉందో మూత తీసి చూసేది కాదు. వేలి మెటికతో బయట టకటకమని కొట్టి, "ఇంకో మూడు బిందెలుందమ్మా" అనేది. కొలిస్తే మూడే ఉండేవి. కారే కొళాయికి గుడ్డ పీలిక కట్టి, దాని కొస బకెట్లోకి వేలాడదీసేది. వాన పడితే చాలు, ప్లేట్లు వదిలేసి పరిగెత్తి, చూరు కింద ఉన్న గిన్నెలన్నీ పరిచేది. పప్పు గిన్నె, సాంబారు గిన్నె అని చూడదు. "ఓసి నీ దుంపతెగ! వంట చేసే గిన్నెలే అవి!" అని నేను అరిస్తే, "కడిగేది నేనే గదమ్మా" అని నవ్వేది. కింది వరసలో రెండు పళ్ళు లేవు. నవ్వితే చిన్నపిల్లలా ఉండేది.

తర్వాత మేము బోరేయించాం. హోటల్ వెనక గోడ పక్కనే. ఆ గోడవతల మామ్మా వాళ్ళ వీధి. నీళ్ళు ఎగజిమ్మిన రోజు కొబ్బరికాయ కొట్టి, అందరికీ ఉచితంగా కాఫీ పోశాను. షెడ్డులో సింకు కట్టించి నాలుగు కొళాయిలు బిగించాను. మామ్మ మాత్రం ఆ సింకులోనే టబ్బులు పెట్టుకుని కూర్చుంది.

"ఇంకా ఆ టబ్బులేందే? బోరు పడింది. కొళాయి తిప్పి హాయిగా కడుగు."

"కొళాయి కింద పెడితే కడిగేది ప్లేటు కాదమ్మా, కాలవ."

"పిసినారిదానా! నీళ్ళు నావి, నొప్పి నీకా?" అన్నాను. నలుగురూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కొళాయిని రెండు వేళ్ళతో పట్టుకుని, దారమంత ధార వచ్చేదాకా కట్టేసి, మళ్ళీ పనిలో పడింది. మిగతా పనివాళ్ళు మాత్రం నా మాటే విన్నారు. నాలుగు కొళాయిలూ బారుమని వదిలిపెట్టి కబుర్లు చెప్పుకునేవాళ్ళు. నేనేమీ అనలేదు. పైగా గేటు ముందు దుమ్ము లేవకుండా రోజుకి రెండుసార్లు పైపుతో రోడ్డు తడిపించేదాన్ని. హోటల్ ముందు చల్లగా ఉంటే గిరాకీ వస్తుందని నా తెలివి.

రెండో వేసవికి బోరు ధార సన్నబడింది. నాకు కోపమొచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం. నీళ్ళు ఎక్కడికి పోతున్నాయా అని అందరి వంకా అనుమానంగా చూడటం మొదలుపెట్టాను. ఆ రోజుల్లోనే గమనించాను, మామ్మ ఇంటికి పోయేటప్పుడు చేతిలో ఇరవై లీటర్ల పాత క్యాను ఉంటోంది. నిండుగా ఉంటోంది. ఒక పక్కకి ఒంగిపోయి మోసుకెళ్తోంది.

ఒకరోజు ఆపాను. పదకొండు గంటల వేళ. బల్లల మీద ఇంకా జనం ఉన్నారు. పక్కకి పిలిచి అడగొచ్చు. అడగలేదు. గల్లా దగ్గర నుంచే కేకేశాను.

"ఏందే ఆ క్యానులో? ఇక్కడ ప్లేట్లకే నీళ్ళు చాలక చస్తుంటే, నువ్వు క్యాన్లకి క్యాన్లు ఇంటికి మోస్తున్నావా? నీతులు మాకూ, నీళ్ళు నీకూనా?"

అందరూ తింటున్నది ఆపి చూశారు. మామ్మ క్యాను కింద పెట్టింది. మూత తీసింది. అరచేతిలోకి కొంచెం వంచుకుని నాకు చూపించింది. తెల్లటి నీళ్ళు. సబ్బు వాసన.

"చివరి టబ్బుదమ్మా. పనయిపోయినాక మిగిలింది. ఎట్టాగూ కాలవలో పోసేదేగా అని."

అక్కడితో ఆగిపోవాల్సింది. సిగ్గుపడాల్సింది. ఒక్క మాట, 'పొరపాటు పడ్డా మామ్మా' అంటే నా నోటి ముత్యాలేం రాలిపోవు. కానీ జనం చూస్తున్నారు కదా, యజమానురాలిని కదా, ఓడిపోతే ఎలా? "ఏదైనా సరే, అడక్కుండా తీసుకెళ్తే దాన్నేమంటారో నీకు తెలుసు. పారబొయ్యి" అన్నాను.

ఆమె నా వంక చూడలేదు. క్యాను ఎత్తి, గేటు పక్క కాలవలో నిదానంగా వంచేసింది. ఇరవై లీటర్లు వంచడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ అందరం చూస్తూ కూర్చున్నాం. ఖాళీ క్యాను చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి కొంతమంది కుర్రాళ్ళు ఆమెని 'నీళ్ళ దొంగ' అని పిలవడం మొదలుపెట్టారు. వేళాకోళమే. ఆమె వినిపించుకోనట్టే ఉండేది. నేను ఒక్కసారి కూడా వాళ్ళని కసరలేదు. మర్నాడు ఆమె మామూలుగానే పనికొచ్చింది. క్యాను మాత్రం మళ్ళీ తేలేదు.

మూడో ఏడు ఎండల్లో మా బోరు పూర్తిగా పోయింది. ఇంకా లోతుకి వేయిద్దామని బోరు బండి వాళ్ళతో మాట్లాడుతుంటే, మామ్మ పీచు చేతిలో పట్టుకుని వింది. వాళ్ళు వెళ్ళాక అంది.

"ఇంకా కిందకి పోతే ఎవరి నీళ్ళు తగుల్తాయో అమ్మా. పైన గోడలుంటయ్ గానీ, కింద ఉండవు గదా."

ఆమె నన్ను ఇంతకుమించి ఎప్పుడూ ఏమీ అనలేదు. అప్పటికి ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పింది వాళ్ళ వీధి ఆటో డ్రైవరు. ఇడ్లీ తింటూ, మెల్లిగా, నా మొహం చూడకుండా చెప్పాడు. "అక్కా, మీ బోరు పడిన ఏడే మా చేతిపంపు ఎండిపోయింది. వీధి మొత్తానికి అదొక్కటే. ట్యాంకర్ రెండ్రోజులకోసారి. తాగడానికీ వండుకోడానికీ సరిపోదు. మామ్మ మొగుడికి పక్షవాతమొచ్చి, అప్పట్లో అన్నీ మంచంలోనే. ఆ పక్కగుడ్డలు ఉతకడానికి, పాపం, మీ టబ్బు నీళ్ళు తీసుకెళ్ళేది."

ఇడ్లీ పాత్ర మూత చేతిలో అట్టాగే పట్టుకుని నిలబడిపోయాను. మా బోరు వల్లే పంపు పోయిందని ఎవరూ నిరూపించలేరు. వానలు లేవు, చుట్టూ మిల్లుల్లో కూడా బోర్లున్నాయి, ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నాను. కానీ నేను రోడ్డు తడిపిన ప్రతి పూటా గోడవతల ఒక ముసలాయన మురికి పక్క మీద పడున్నాడన్నది మాత్రం నిజం. ఆ పక్క ఉతికే నీళ్ళని నా కళ్ళ ముందు, నా నోటితో, కాలవలో పోయించాను.

మర్నాడు మామ్మ దగ్గరికి వెళ్ళాను. క్షమించమని అడగడానికే వెళ్ళాను, ఒట్టు. నోటికొచ్చింది మాత్రం ఇది: "మామ్మా, రేపట్నుంచి క్యాను తెచ్చుకో. చివరి టబ్బు నీళ్ళు తీసుకెళ్ళు."

తోముతున్న ప్లేటు మీంచి తలెత్తలేదు. "ఇప్పుడు అవసరం లేదులేమ్మా. ఆయన పోయి నెల దాటిందిగా" అంది.

నెల దాటింది. ఆమె మూడు రోజులు రాకపోతే జీతంలో కోసుకున్నాను గానీ, ఎందుకు రాలేదని అడగలేదు.

ఇంకో బోరు వేయలేదు. మంచితనం కాదు, నీళ్ళు పడతాయని బండివాడు గ్యారంటీ ఇవ్వలేదు. ఆ వేసవంతా హోటల్ నడిచింది మళ్ళీ ట్యాంకరు నీళ్ళతో, మామ్మ మూడు టబ్బుల మీదే. మిగతా పనివాళ్ళకి ఆమే నేర్పింది. కూరగాయలు కడిగిన నీళ్ళు నేల తుడవడానికి, బియ్యం కడుగు కుడితిలోకి, అన్నీ సర్దింది. కొళాయిలు మూడు పీకించేశాం. వచ్చినవాళ్ళు మెచ్చుకుంటే, "నీళ్ళు పొదుపుగా వాడాలండీ, రేపటి రోజులు ఎట్టా ఉంటాయో" అని గల్లా దగ్గర కూర్చుని నేనే గొప్పగా చెప్పేదాన్ని. షెడ్డులోకి ఆ మాటలు వినిపిస్తాయి. ఆమె వింటూనే ఉండుంటుంది. పండక్కి ఖరీదైన చీర పెట్టాను. "ఇంత మంచిదెందుకమ్మా" అంది. ఎందుకో చెప్పలేకపోయాను.

ఇదిగో, ఇప్పుడు ఆమె లేదు. హోటల్ మూసేసి వెళ్ళాను. గోడవతల వీధే, నడిస్తే రెండు నిమిషాలు. పన్నెండేళ్ళలో నేను అక్కడికి వెళ్ళడం అదే మొదటిసారి. షామియానా కింద పెట్టెలో పెట్టారు. ఆ చీరే కట్టారు. పాస్టరుగారు ప్రార్థన చేసి, "మన తల్లిని గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందుకు రండి" అన్నారు. వాళ్ళలో అది ఆచారం. పోయినవాళ్ళ గురించి తెలిసింది, చూసింది, అందరి ముందూ నిలబడి చెబుతారు. కోడలు నా వంక చూసింది. పాస్టరుగారు, "అమ్మగారు పని ఇచ్చినవాళ్ళు, రెండు మాటలు చెప్పండమ్మా" అన్నారు.

లేచాను. ఎదురుగా వాళ్ళ వీధి మొత్తం ఉంది. మా హోటల్లో తినే వాళ్ళు కూడా ఉన్నారు, 'నీళ్ళ దొంగ' అన్న మాట పుట్టించిన కుర్రాళ్ళతో సహా. ఆమెకి నేను తగిలించిన పేరు తీసేయడానికి దేవుడు ఇంతకంటే మంచి చోటు చూపించడు. ఆ నీళ్ళు దొంగిలించినవి కావు, ఆమె వాడి వాడి మిగిల్చినవి, దొంగ ఎవరైనా ఉంటే గోడకి మా హోటల్ వైపున్న నేనే, అని చెప్పాలి. నాలుగు మాటలు.

"చాలా నమ్మకస్తురాలండీ. పనిలో ఎప్పుడూ లోటు చేయలేదు" అన్నాను. కూర్చున్నాను.

ఆటో డ్రైవరు తల దించుకున్నాడు. నా తరఫున వాడు సిగ్గుపడ్డాడేమో. ఆ రోజు చెప్పలేనిది ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరు ఆమెని ఎరగరు, నన్నూ ఎరగరు. ఎరిగినవాళ్ళ ముందు చెప్పలేని పిరికిదాని సాక్ష్యం ఎంత విలువ చేస్తుందో నాకు తెలుసు. అయినా చెబుతున్నా, ఆమె దొంగ కాదు. ఈ కాగితం హోటల్ గోడకి కూడా అంటిస్తాను. గల్లా వెనక, అందరికీ కనపడేలా.

సమాధుల తోటకి తీసుకెళ్ళే ముందు కోడలు ఒక గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. "ఎండలో వచ్చారు, తాగండమ్మా. కొన్న క్యాను నీళ్ళేలే, మా వీధివి కావు" అంది. నేను తాగనేమోనని నా కోసం కొని తెప్పించారు. రెండు గుక్కలు తాగి, అలవాటు చొప్పున, సగం గ్లాసు తిరిగిచ్చేశాను. పారబోయడానికి మట్టి నేల పక్కనే ఉంది. కోడలు పారబోయలేదు. గ్లాసు మీద అరచెయ్యి మూతలా పెట్టుకుని, అంతమంది జనంలోంచి, ఎవరి భుజం తగలకుండా ఒదిగి ఒదిగి నడుచుకుంటూ, ఆ సగం గ్లాసుని ఇంట్లోకి తీసుకుపోయింది.