పెద్దమ్మ చేతి తప్పు కాదు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఈ పత్రిక చేతిలో పట్టుకున్న మీ అందరికీ నా వందనాలు. నా పేరు ప్రభాకర్, మాది కార్వేటినగరం పక్కన ఒక చిన్న పల్లె, చెన్నైలో కంప్యూటర్ చిప్పులు పరీక్షించే కంపెనీలో ఉద్యోగం. కొన్నాళ్ల కిందట నన్ను చూసినవాళ్లకు తెలుసు, ఫోను మోగితే చాలు నా చేతులు వణికేవి! అన్నం ముద్ద గొంతు దిగేది కాదు, కూర్చున్నచోటే గుండె దడదడలాడేది, మా ఆవిడ మరియ ఏమైంది మీకు అని అడిగితే పాపం ఆ కడుపుతో ఉన్న మనిషి మీద కసురుకునేవాణ్ణి. తిరుపతిలో ఒక పెద్ద ఆసుపత్రికి పోయి గుండె పరీక్ష చేయించుకుంటే డాక్టరుగారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నీ గుండెకేమీ కాలేదు, మనసులో ఏదో మోస్తున్నావు, దాన్ని దించుకో అన్నారు. ఆ మాట దేవుడే ఆయన చేత పలికించాడని ఇప్పుడంటున్నాను గానీ, ఆ రోజు మాత్రం ఈయనకేం తెలుసులే అనుకుంటూ బయటికొచ్చేశాను.

నిజానికి నా రోగం ఎక్కడ మొదలైందో నాకు బాగా తెలుసు. సెల్‌ఫోన్లే మన ఊళ్లలోకి ఇప్పుడిప్పుడే వస్తున్నాయి, లాప్‌టాప్‌ను మా పల్లెలో ఎవరూ కంటితో చూసి ఎరగరు. మా కంపెనీకి ఒక కొత్త రకం చిప్పు పరీక్షకు వచ్చింది. ఆ చిప్పు పెట్టిన లాప్‌టాప్‌లు కొద్ది నెలల్లో దేశదేశాల అంగళ్లలోకి ఒకేసారి రావాలి. అంతకు ముందే నమూనా యంత్రాలు కొన్ని మా గదికి వచ్చాయి, వాటిని నానా రకాలుగా సతాయించి ఎక్కడ చెడిపోతాయో కనిపెట్టడమే మా పని. ఆ యంత్రాలు గది గడప దాటకూడదని గట్టి నిబంధన, దాని కింద నా సంతకం కూడా ఉంది.

ఇక నా గర్వం సంగతి వినండి! వేసవి సెలవుల్లో మా సంఘంలో పిల్లలకు బైబిల్ తరగతులు జరుగుతాయి. ఇంటికి వచ్చినప్పుడు పాస్టరయ్యగారితో మాటల్లో, లోకంలో ఇంకా ఎవరి చేతికీ రాని కంప్యూటర్లు మా దగ్గర ఉన్నాయండీ అని గొప్పలు కొట్టాను. పాపం ఆయన సంతోషం పట్టలేక ఆదివారం మైకులోనే ప్రకటించేశారు, మన ప్రభాకర్ వచ్చే శనివారం కంప్యూటర్ తెచ్చి పిల్లలకు నోవహు ఓడ బొమ్మలు చూపిస్తాడని. నేను ముందు వరసలోనే కూర్చుని ఉన్నాను, లేచి కుదరదండీ అని ఒక్క మాట చెప్తే అయిపోయేది, చెప్పానా? సంఘమంతా నా వైపు తిరిగి చూస్తుంటే కాలరు సర్దుకున్నాను! శుక్రవారం సాయంత్రం ఒక నమూనా యంత్రాన్ని తువాలులో చుట్టి సంచి అడుగున పెట్టి పుత్తూరు బస్సెక్కాను.

మా మందిరం రేకుల షెడ్డు, మే నెల ఎండ, లోపల అరవై డెబ్బై మంది పిల్లలు. మా నాయన అన్నగారి భార్య శాంతమ్మ పెద్దమ్మ పిల్లలకు మజ్జిగ పోస్తూ ఉంది. మా అమ్మ కూలికి పోతే నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి ఆమె. నేను బల్ల మీద లాప్‌టాప్ తెరవగానే ఆమె చెంబు కింద పెట్టి దగ్గరికొచ్చి, దాని మీద చెయ్యి వేసి, "పెబువా, నా బిడ్డ పని సేసే పెట్టి ఇది, దీన్ని దీవించు తండ్రీ" అని ప్రార్థన చేసి పోయింది. తర్వాత బొమ్మలు మొదలుపెట్టాను, ఇంతలో కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగిపోయాయి, లాప్‌టాప్ మాత్రం వెలుగుతూనే ఉంది! పిల్లలు నోళ్లు తెరిచారు. వాళ్లకు ఓడా పట్టలేదు, ఏనుగులూ పట్టలేదు, కరెంటు లేకపోయినా ఆరిపోని పెట్టే పెద్ద అద్భుతమైపోయింది. మళ్లీ కరెంటు రాగానే నేను ఊరుకోవచ్చు కదా, చూడండి చూడండి అంటూ ప్లగ్గు పీకి చూపించాను, మళ్లీ పెట్టాను, మళ్లీ పీకాను. "ఇంగోసారన్నా, ఇంగోసారి!" అని కేకలు. మధ్యలో కరెంటు కూడా తనంతట తాను పోతూ వస్తూ ఉంది. యంత్రం అడుగు ముట్టుకుంటే చుర్రుమంటోంది, నేను లెక్కచేయలేదు. ఆఖరుకి తెర మీద ఏవో గీతలు పాకి అది నల్లగా అయిపోయింది, ఏ మీట నొక్కినా లేవలేదు.

పిల్లలు, పెద్దలు, పాస్టరయ్యగారు అందరూ నన్నే చూస్తున్నారు, సిగ్గుతో నా ముఖం మండిపోతోంది. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. "పెద్దమ్మా, తడి చేత్తో ముట్టుకుంటివి కదా!" అన్నాను. అంతమంది తలలూ ఆమె వైపు తిరిగాయి. ఆమె తన చేతిని ఒకసారి చూసుకుని, కొంగుతో తుడుచుకుని బయటికి వెళ్లిపోయింది. పాస్టరయ్యగారు ఒక పాట ఎత్తుకుని తరగతి ముగించారు.

సోమవారం చల్లని ఏసీ గదిలో ఆ యంత్రం ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంది! కానీ లోపల దాచిన ఫైళ్లు తెరిస్తే సగం చెడిపోయి ఉన్నాయి. ఇన్నేళ్లుగా అదే పని చేస్తున్నవాణ్ణి, నాకు అర్థం కాకుండా ఎలా ఉంటుంది? యంత్రం బాగా వేడెక్కి ఉన్నప్పుడు కరెంటు నుంచి బ్యాటరీకి, బ్యాటరీ నుంచి కరెంటుకి మాటిమాటికీ మారితే ఆ చిప్పు ఒక్క క్షణం తడబడుతోంది, ఆ క్షణంలో రాసుకున్నదంతా పాడు చేస్తోంది. మా పరీక్షల జాబితాలో వేడి ఒక రోజు, బ్యాటరీ ఇంకొక రోజు, రెండూ కలిపి ఎవరూ చూడలేదు. ఆ జాబితా రాసినవాళ్లు ఎండాకాలంలో మన ఊరికి వచ్చి ఉండరు!

అంటే లోపం నా కళ్లతో నేను చూశాను, పరీక్షించేవాడికి ఇంతకన్నా కావలసింది ఏముంది? కానీ చెప్తే యంత్రం ఊరికి తీసుకుపోయిన సంగతి చెప్పాలి, అది చెప్తే ఉద్యోగం పోతుంది, మరియకు అప్పుడు ఆరో నెల. కాబట్టి ఆ చెడిన ఫైళ్లన్నీ తుడిచేసి యంత్రాన్ని దాని చోట పెట్టేశాను. మా మేనేజరు శేషాద్రి సార్ తిరుపతి ఆయన, గుడి కైంకర్యం చేసే వైష్ణవుల ఇంట్లో పుట్టి నుదుట నామంతో ఆఫీసుకు వచ్చే మనిషి, పనిలో మహా ఖచ్చితం. ఆయన దగ్గరికి పోయి వేడీ బ్యాటరీ కలిపి ఒకసారి చూద్దామా సార్, ఏదో సందేహం అని నీళ్లు నమిలాను. "జాబితా అయిపోయె కదప్పా, నీ సందేహానికి ఆధారమేముండాది, సూపించు" అన్నారు. ఆధారం నా చేత్తోనే తుడిచేశాను కదా! తలవంచుకుని బయటికొచ్చి, ఆ వారాంతానికి ఏ లోపమూ కనబడలేదు అన్న కాగితం మీద సంతకం పెట్టాను. ప్రియులారా, ఆ రోజు నుంచే నా చేతులు వణకడం.

ఆ చిప్పులు బయటికి పోతే కరెంటు నిలకడ లేని ప్రతి ఊళ్లో ఎవరి చదువు, ఎవరి కష్టం, ఎవరి వైద్యం కాగితాలు కంటిముందే పాడైపోతాయో అని ఒక పక్క, నోరు తెరిస్తే బిడ్డ పుట్టే వేళకు వీధిన పడతానని ఇంకొక పక్క. ప్రార్థనకు మోకరిస్తే మాట వచ్చేది కాదు. వచ్చినా ఏమని ప్రార్థించేవాణ్ణో తెలుసా? ప్రభువా, ఆ లోపం ఎవరికీ కనబడకుండా కాపాడు అని! దేవుణ్ణి కూడా నా దొంగతనంలో భాగస్థుణ్ణి చేయబోయాను, ఆయన ఎంత ఓర్చుకున్నాడో!

ఇలా ఉండగా మా అమ్మ ఫోను చేసింది. "శాంతక్క మూడు వారాలుగా పొద్దన పూట కూడు ముట్టడంలే నాయనా, నీ ఉద్యోగం కోసరం ఉపాసం ఉండాది, నిన్న కండ్లు తిరిగి పడిపోయింది, ఒకసారి వచ్చిపో" అంది. నేను వెంటనే బయల్దేరి పోయాను. పెద్దమ్మ మంచం మీద ఉంది, నన్ను చూడగానే లేచి కూర్చుని నా రెండు చేతులూ పట్టుకుంది.

"పబాకరా, నా సెయ్యి తగిలి ఆ పెట్టి సెడిపోయె. నీ ఉద్యోగానికేమన్నా అయినాదా నాయనా? నన్ను మన్నించు. ఆ పొద్దు నుంచీ నేను మందిరంలో దేన్నీ ముట్టుకోవడంలే, బిడ్డలకు నీళ్లు గూడా పొయ్యలా, యాడ ఏం ముట్టుకుంటే ఏమయిపోతాదో అని" అంది.

అయ్యో దేవా! నా ముఖం కాపాడుకోవడానికి విసిరేసిన ఒక్క మాటను ఆ తల్లి ఎత్తుకుని మూడు వారాలు మోసింది! నేను అపరాధిని, ఆమె ఉపవాసి. నేను తప్పు చేసి దాక్కుంటే, తప్పు చేయని ఆమె నా కోసం పస్తులుంది. ఇంక నా వల్ల కాలేదు. ఆ మంచం కింద కూలబడి ఏడుస్తూ యంత్రం దొంగచాటుగా తెచ్చిన దగ్గర నుంచి అబద్ధపు సంతకం దాకా అంతా చెప్పేశాను.

ఆమె తన చేతిని తిప్పి చూసుకుంది. తర్వాత, "అయితే నా సెయ్యి కాదా?" అంది.

కాదు పెద్దమ్మా అన్నాను.

"ఇంగెవురికి సెప్పినావు?"

ఎవరికీ చెప్పలేదన్నాను. "నాకు సెప్తే సాలదు నాయనా. ఆ పెట్టి ఎవురిదో వాళ్లకు సెప్పు" అని, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించింది. నా ఉద్యోగం నిలబెట్టమని అడుగుతుందనుకున్నాను. ఆమె అడిగింది వేరు. "పెబువా, ఈ బిడ్డకు ఉద్యోగం పోతే పోనీ, నోరు మాత్రం ఇయ్యి తండ్రీ" అంది! సహోదరులారా, ఉలిక్కిపడ్డాను, కానీ ఆ మాటతోనే నాలో ఏదో తెగింది. ఆ పూట ఆమె అన్నం తింది, ఆమె పక్కన కూర్చుని నేనూ తిన్నాను, వారాల తర్వాత అడ్డం లేకుండా గొంతు దిగిన అన్నం అది.

సోమవారం శేషాద్రి సార్ ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎందుకు తీసుకుపోయావని అరుస్తారనుకుంటే ఆయన కుర్చీలోంచి ముందుకు వంగి, "ఎండ ఎంతుండె ఆడ? రేకుల కిందా? కరెంటు ఎన్నిసార్లు పోయింది? బాగా గెవనం తెచ్చుకోని సెప్పప్పా" అని ఒకటే ప్రశ్నలు! తిట్టడం మరిచిపోయి ఆ మనిషి యంత్రాన్ని చంకలో పెట్టుకుని వేడి పెట్టి పరీక్షించే పెట్టె దగ్గరికి నడిచారు. భోజనాల వేళ లోపలే అది చచ్చిపోయింది, దాని వెంట మిగతా నమూనా యంత్రాలు కూడా ఒకటొకటిగా. అప్పుడు తిరిగి నన్ను చూసి, "నువ్వు సేసింది తప్పే. నేను పైకి రాయక తప్పదు. కానీ ఇది తెలిసింది నువ్వు సెప్పినందుకే, అదీ రాస్తాను" అన్నారు.

సాఫ్ట్‌వేర్‌లో తప్పుంటే దిద్ది పంపొచ్చు, చిప్పులో తప్పు అలా కాదు, రాతి మీద చెక్కిన అక్షరం లాంటిది, మొత్తం మళ్లీ చెక్కాల్సిందే. కొత్తగా గీసి, కొత్తగా తయారు చేసి, మళ్లీ మొదటి నుంచి పరీక్షించే దాకా ఆ లాప్‌టాప్‌ల విడుదల నెలల తరబడి ఆగిపోయింది. తిరుపతిలో కంప్యూటర్ల అంగడి పెట్టుకున్న నా స్నేహితుడు బోర్డు కూడా కట్టేసుకుని, "ఎప్పుడొస్తాయప్పా అవి, అడిగినోళ్లకు సెప్పలేక సస్తా ఉండాను" అని నన్ను తిట్టేవాడు. కారణం బయట చెప్పకూడదు కాబట్టి నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. నవ్వగలిగాను, చూశారా! నా మీద విచారణ జరిగింది, మెమో ఇచ్చారు, పరీక్ష గదిలోంచి తీసి కాగితాల పనిలో కూర్చోబెట్టారు. ఉద్యోగం మాత్రం దేవుడు ఉంచాడు. అయితే ఒక సంగతి దాచకుండా చెప్తున్నాను, ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియని ఆ మధ్య రోజుల్లోనే నా చేతుల వణుకు ఆగిపోయింది. మాకు ఆడబిడ్డ పుట్టింది, ఆ బిడ్డను ఎత్తుకుంటే ఈ చేతులు గట్టిగా ఉన్నాయి. దేవునికే మహిమ!

ఆ లాప్‌టాప్‌లు పోయిన నెల అంగళ్లలోకి వచ్చాయి, చెప్పుకోవడానికి కంపెనీ వాళ్లూ ఒప్పుకున్నారు. పోయిన ఆదివారం మా మందిరంలో, ఏ మైకులో నా గొప్ప చెప్పారో ఆ మైకే పట్టుకుని, అది పెద్దమ్మ చేతి తప్పు కాదు, నా నోటి తప్పు అని అందరి ముందూ చెప్పి ఆమెను క్షమాపణ అడిగాను. వెనక వరసలోంచి, "సాల్లే కూసో నాయనా, ఎండెక్కతా ఉండాది" అని కేకేసింది, సంఘమంతా నవ్వింది, నేను ఏడుస్తూనే నవ్వాను.

నా ప్రియ సహోదరుడా, సహోదరీ, ఈ నాలుగు మాటలూ చదువుతున్న నీకు కూడా చేతులు వణుకుతుంటే, అన్నం దిగకపోతే, డాక్టరు ఏమీ లేదని పంపేస్తుంటే, నాలాగా భయాన్ని లోపల దాచుకోవద్దు. మన ప్రభువు తప్పు ఒప్పుకున్నవాణ్ణి వీధిన పారేసేవాడు కాడు, నేనే దానికి సాక్షిని. ఆయనను నమ్మి, వెళ్లి ఆ మాట చెప్పెయ్యి, ముందు ఆ మనిషికి చెప్పు. నీ తప్పు ఎవరి నెత్తిన వేశావో, వాళ్లు ఈ పూట కూడా అన్నం మాని నీ కోసమే మోకరించి ఉన్నారేమో!