ఆకాశం కనబడేదాకా పట్టిన ఊపిరి

మేస్టారు పోయారని సోమవారం పొద్దున్న హార్బర్‌లో, చేపల వేలం దగ్గర చెప్పారు. బడికి బయలుదేరబోతూ చొక్కా గుండీలు పెట్టుకుంటూనే కూలబడ్డారట. గంప అక్కడే దించేసి వన్ టౌన్ దాకా నడిచాను. మా సందులో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి ఒత్తుకోవాలి. ఆ రోజు సందంతా జనం, అందరం గోడలకి ఒత్తుకునే నిలబడ్డాం.

సమాధుల తోటలో ఆయన్ని దించుతుంటే నా వెనక ఎవరో అన్నారు: "ఈ ముసల్దేనంట. ఆయన నేర్పితే ఇచారణలో సిలకలాగ పలికింది." గొయ్యి పక్కన గొడవ ఎందుకని మింగేశాను. ఇక్కడ మింగను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మేస్టారి కూతురు రాస్తోంది. నా మాటని మెత్తబరచొద్దని ఆమెకి ముందే చెప్పాను.

మేస్టారు హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ ఒకటే గోడ. నన్ను అప్పా అనేవారు, అక్క అన్నట్టు. చొక్కా చేతుల మీద ఎప్పుడూ సుద్ద. సైకిల్‌కి గాలి తనే కొట్టుకునేవారు, షాపువాడి చేతిలో పెట్టేవారు కాదు. ఆదివారం చర్చి నుంచి వస్తూ నా దగ్గర చేపలు తీసుకునేవారు. తూకం మీద అనుమానం వస్తే నన్ను ఏమీ అనేవారు కాదు, తక్కెడని తిట్టేవారు. "నీ తక్కెడకి దేవుడంటే బయం లేదప్పా" అనేవారు. "మీ కంటికి లేదు మేస్టారూ" అనేదాన్ని.

మా పెద్దవాడికి అప్పుడు ఇరవై రెండేళ్ళు. మరపడవ మీద వేటకి వెళ్ళేవాడు. ఓడల అడుగున పట్టిన నాచూ గుల్లలూ గీకే పనికి ఒక కాంట్రాక్టరు మా వాళ్ళని పిలిచాడు. పడవ మీద మిషను గాలి కొడుతుంది. దానికి పొడుగాటి రబ్బరు గొట్టం. దాని చివర నోట్లో పెట్టుకుని, ఆ గాలి పీలుస్తూ ఓడ కింద పని చెయ్యాలి. ఈతొచ్చా? వచ్చు. మునకొచ్చా? వచ్చు. అంతే, మర్నాడే దించేశారు.

పని మొదలెట్టి నెల కాలేదు. వాడు ఆరు బారల లోతున ఉండగా మిషను ఆగిపోయింది. గొట్టంలో మిగిలిన గాలి గుండె నిండా పీల్చుకుని, బిగబట్టి, తిన్నగా పైకొచ్చాడు. తల తేలగానే నోట్లోంచి నెత్తుటి నురగ. పడవ మీదకి లాగేలోపే పోయాడు. తాడు పట్టుకున్న మా మరిది కొడుకు చూసింది చూసినట్టు నాకు చెప్పాడు. కాంట్రాక్టరు ఆఫీసులో మాత్రం వాళ్ళు చెప్పినచోట వేలిముద్ర వేశాడు. వాళ్ళ కాగితంలో ఏం రాశారంటే, తాగి దిగాడు, నీళ్ళు మింగి చచ్చాడు అని.

మా వాడు తాగడు. తాగినా చెబుతాను, దాచను. తాగడు.

దినాలయ్యాక మేస్టారు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు.

"అప్పా, కడుపు ఉబ్బిందా? నోట్లోంచి నీళ్ళొచ్చాయా?"

"నీళ్ళు సుక్క రాలేదు మేస్టారూ. నెత్తురు. ఎర్రటి నురగ."

ఆయన లేచి వెళ్ళి సైకిల్ పంపు తెచ్చారు. పిడి పైకి లాగి, కింద కన్నాన్ని బొటనవేలితో మూశారు.

"నొక్కప్పా."

నొక్కాను. సగం దిగి ఆగింది.

"ఇంకా నొక్కు."

"దిగదు. మీలాగే మొండిది."

"ఇప్పుడు ఒగ్గెయ్."

పిడి పైకి తన్నుకొచ్చింది.

"గాలి ఎక్కడికీ పోలేదప్పా. ఒత్తితే ముడుచుకుంది, ఒత్తిడి పోతే సాగింది. రెండింతలు ఒత్తితే సగం చోట్లో సర్దుకుంటుంది. ఆ ఒత్తిడి తీసేస్తే దాని చోటు దానికి మళ్ళీ కావాలి. ఇమ్మని అడగదు, తీసుకుంటుంది. ఆరు బారల కింద ఒత్తిడి, ఇక్కడున్నదానికి రెండింతలు."

నాకు ఎక్కలేదు. పంపు ఇనుము, మా వాడు మనిషి. అలా పంపునే చూస్తుంటే ఒకటి తట్టింది.

"మేస్టారూ, లోతు గాలానికి పడ్డ సేప పైకొచ్చేసరికి పొట్ట డప్పులాగుంటాది. లోపలున్న గాలితిత్తి నోట్లోంచి బయటికి తన్నుకొచ్చెస్తాది. ఒడ్డువార వలలో పడ్డ సేపకి అలగవదు. అదీ ఇదేనేటి?"

ఆయన బొటనవేలు తీసేశారు.

"ఏటి? మళ్ళీ సెప్పు."

మళ్ళీ చెప్పాను.

"ఇన్నేళ్ళుగా ఇదే పాఠం సెప్తన్నాను. ఈ సేప నాకు తెలీదు" అన్నారు. సమాధుల దగ్గర చిలక అన్నవాళ్ళు ఈ మాట వినండి. పంపు ఆయనది. చేప నాది.

అక్కడితో ఆపేస్తే బాగుండేది. నేను ఆపలేదు.

"మరి నాను, మా అయ్య, రాళ్ళకాడ ఆల్చిప్పలకి మునిగి లేసినోల్లమే. మాకేటీ అవలేదే?"

"మీరు పైన పీల్చిన గాలితో దిగారు. కిందికెళ్తే ముడుచుకుంది, పైకొస్తే మళ్ళీ ఎంతదంతే అయింది. వాడు కింద పీల్చాడు. ఒత్తిన గాలి అది. దాన్ని ఒదులుకుంటా రావాల…"

నా మొహం చూసి ఆగిపోయారు.

మా వాడికి మునక నేర్పింది నేను. మా అయ్య నాకు నేర్పినట్టే నేర్పాను. "ఆకాసం కనపడేదాక ఊపిరి ఒగ్గకురా" అని. వాడు నీళ్ళలో గాలి వదిలేస్తే పైకి లాగి వీపు మీద కొట్టాను. ఒకసారి కాదు. వాడు నా మాట తు.చ. తప్పకుండా విన్నాడు.

ఆ తర్వాత నెల రోజులు నేను ఎలా ఉన్నానో ఎవరికీ తెలీదు. వాడు తాగలేదని నిలబెట్టాలంటే, ఊపిరి ఎందుకు బిగబట్టాడో చెప్పాలి. అది చెప్పాలంటే, ఎవరు నేర్పారో చెప్పాలి. నోరు మూసుకుంటే నా కొడుకు తాగుబోతు. నోరు తెరిస్తే వాడిని చంపింది నేను. ఇంట్లో ఉంటే గోడలు దగ్గరికొచ్చేవి. హార్బర్‌కి వెళ్తే నీళ్ళ వైపు చూడలేకపోయేదాన్ని. చేపల ధర అడిగితే వేళ్ళతో చూపించేదాన్ని.

మేస్టారు నన్ను తొందరపెట్టలేదు. బడికి వెళ్తూ మా గుమ్మం దగ్గర సైకిల్ ఆపి, "ఇయాల ఊపిరాడతందా అప్పా?" అనేవారు. లేదంటే తలూపి వెళ్ళిపోయేవారు. ఒక్కసారే అన్నారు: "సెప్పమని నేననను. సెప్పొద్దనీ అనను. నువ్వు ఏది సేసినా నీ పక్కన నిలబడతాను."

చివరికి, వాడు తాగలేదని మేస్టారి చేత అర్జీ రాయించాను. సర్కారు ఆఫీసరు విచారణ పెట్టిన రోజున గంపలో లోతు చేపని పెట్టుకుని వెళ్ళాను. చిన్న గది, కిటికీ తలుపులు బిగించి ఉన్నాయి. కాంట్రాక్టరు తరపు వకీలు ముక్కు మూసుకున్నాడు.

"ఏంటమ్మా ఈ కంపు?"

"సాచ్చం" అన్నాను.

ఆఫీసరు బల్ల మీద చేపని పెట్టాను. నోట్లోంచి తిత్తి బుడగలా వేలాడుతోంది. మేస్టారు పంపు పట్టుకుని పాఠం చెప్పారు. ఆఫీసరు తనే మూడుసార్లు నొక్కి చూశాడు. తర్వాత నన్ను అడిగాడు, మరి మీవాడు గాలి ఎందుకు వదల్లేదు అని.

మేస్టారు నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను చెప్పేదాన్ని కాదేమో.

"నాను నేర్పినాను బాబూ. ఒగ్గొద్దని నానే సెప్పేను. కొట్టి మరీ సెప్పేను."

వకీలు ఎగిరి లేచాడు. "విన్నారా సార్! తప్పు తల్లిదే!"

గదిలో గాలి లేదు.

మేస్టారు గొంతు పెంచలేదు. "ఆమె ఆకాశం కింద పీల్చిన గాలికి పాఠం చెప్పింది సార్. ఆ పాఠంలో తప్పు లేదు. మిషను గాలి వీళ్ళది. దాని పాఠం వీళ్ళు చెప్పాలి. ఎవరు చెప్పారో అడగండి."

అడిగారు. ఎవరూ లేరు.

తాగాడన్న మాట కాగితంలోంచి కొట్టేశారు. ఒత్తిన గాలి సాగి ఊపిరితిత్తులు చిరిగి చనిపోయాడని రాశారు. చదవలేనిదాన్ని కదా, రెండుసార్లు చదివించుకున్నాను.

కాగితంలోంచి కొట్టేశారు సరే. నేను నేర్పిన మాటని నాలోంచి కొట్టేసేవాళ్ళు ఎవరు? మేస్టారికి అది తెలుసు. తర్వాతి ఆదివారం చర్చి నుంచి తిన్నగా వచ్చి, "పద అప్పా" అని హార్బర్‌కి తీసుకెళ్ళారు. గొట్టం పెట్టుకుని దిగేవాళ్ళని కూర్చోబెట్టి, పైకొచ్చేటప్పుడు నోరు తెరిచి 'ఆ' అంటూ రావాలని చెప్పారు. వాళ్ళు ఒకటే నవ్వు.

"నీల్లలో పాటలేటి మేస్టారూ? మా అమ్మ ఒగ్గొద్దంది."

ఆయన పక్కకి తప్పుకున్నారు. మాట్లాడాల్సింది నేనని అర్థమైంది.

"మీ అమ్మలకీ నాకూ ఒకటే తెలుసురా. గొట్టం గాలికి అది పనికిరాదు. నా కొడుకు నా మాట ఇని పోయాడు. మీరు అరుసుకుంటా రండి. నన్ను బూతులు తిట్టుకుంటా రండి, నాకేటి!"

నవ్వు ఆగింది.

అప్పటినుంచి కొత్తవాళ్ళు పనిలో చేరినప్పుడల్లా ఆయన వచ్చేవారు, నన్ను తీసుకెళ్ళేవారు. పంపు ఆయన నొక్కి చూపేవారు, మాట నేను చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ వాడి వీపు మీద వేసిన దెబ్బ నా చేతికి తగిలేది. అది ఈనాటికీ పోలేదు. పోతుందని ఆయన నాకు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. అందుకే ఆయన మీద నాకు ఇంత గౌరవం.

ఆయన్ని మట్టి చేసిన మూడో రోజున హార్బర్‌కి ఒక్కదాన్నే వెళ్ళాను. పోయిన వారమే మేం పాఠం చెప్పినవాడు ఒకడు ఓడ కింద ఉన్నాడు. అంచున కూర్చుని నీళ్ళలోకి చూశాను. ముందు కింద ఎక్కడో ఆవగింజల్లా బుడగలు. పైకొచ్చేకొద్దీ రేగుపళ్ళంత, తర్వాత కొబ్బరి చిప్పలంత. నా కాళ్ళ దగ్గరికొచ్చి పళ్ళాల్లా పరుచుకుని పగులుతున్నాయి. వాటి వెనకే వాడి తల తేలింది. నోరు ఇంకా తెరిచే ఉంది.