కొత్త టైర్లకు ఎంత గాలి

అన్నయ్యకు పక్షవాతం వచ్చి మాట పడిపోయాక, ఆయన కారుకి కొత్త టైర్లు చెన్నై నుంచి వచ్చాయి.

కొల్లేరు చేపల చెరువుల మీద మోటార్లు బాగుచేయడం అన్నయ్య పని. ఆ కారు ఆయనకు నల్లజర్ల వైపు ఆకు ఆరబెట్టే ఓ పొగాకు బ్యారన్‌లో దొరికింది. రెండే సీట్లు, పైకప్పు లేని పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. సీట్లో కోళ్లు గుడ్లు పెట్టేవట. దాన్ని వట్లూరులో మా ఇంటికి లాక్కొచ్చి ఏళ్లపాటు బాగుచేశాడు. చివరికి టైర్లు మిగిలాయి. పాతవి నెర్రెలిచ్చిపోయాయి.

కొత్తవాటికి ఆర్డరు పెట్టిన రోజున నాతో అన్నాడు: "పుస్తకంలో ముందు చక్రాలకి పద్దెనిమిది, వెనక ఇరవై అని ఉందమ్మా. అది పాత రకం టైర్లకి. ఇవి రేడియల్స్. అంత తక్కువ గాలి పెడితే బండి కింద పడుకుంటాయి. ఎంత పెట్టాలో నడిపి చూసి చెప్తాలే."

ఆ తరవాత ఓ చెరువు గట్టు మీద, మోటారు విప్పుతూ విప్పుతూ పడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనం తప్పాయి. మేం చెప్పేది అర్థమయ్యేది. ఆయన చెప్పాలనుకున్నదే నోట్లో దారి తప్పేది. నీళ్లు కావాలంటే "ఆదివారం" అనేవాడు. ఔననాలన్నా "అవును", కాదనాలన్నా "అవును". అంకెలైతే బొత్తిగా పోయాయి.

టైర్లను చూసి, ఎడమచేత్తో వాటి గాడులు తడిమి ఏడ్చాడు.

"వేయించమ్మా, ఆయన మనసు కాస్త కుదుటపడుతుందేమో" అంది వదిన.

చక్రాలు విప్పించి, నేను పనిచేసే కాలేజీ ఉన్న తాడేపల్లిగూడేనికే ఆటోలో పట్టుకెళ్లాను. షాపాయన టైర్లు ఎక్కించి అడిగాడు: "గాలి ఎంత పెట్టమంటారండీ?"

"మీరు ఎంత పెడతారండీ?"

"ఇలాంటి బండి నేనెప్పుడూ చూడలేదండి. మామూలు కార్లకైతే ముప్పై పెడతామండి."

ముప్పై పెట్టించాను. ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకుని కొల్లేరు రోడ్డెక్కాను. తేలికైన బండి కావడంతో చిన్న గుంటకి కూడా ఎగిరిపడేది. ఆయన ఒళ్లోని చచ్చుబడిన చెయ్యి ప్రతి కుదుపుకీ పక్కకి జారిపోయేది. నేను చూడలేకపోయాను. పక్కకి ఆపాను.

"తగ్గించనా అన్నయ్యా?"

"అవును."

ఇరవైకి దించాను. స్టీరింగ్ రాయిలా బరువెక్కింది. మలుపులో బండి ఊగిసలాడింది.

"ఇప్పుడు బాగుందా?"

"అవును" అన్నాడు మొహం చిట్లిస్తూ.

"పెంచనా?"

"అవును!" అంటూ ఎడమ చేత్తో తలుపు మీద గట్టిగా కొట్టాడు. ఆ కోపం నా మీద కాదు, తన నోటి మీద. బానెట్ మీది దుమ్ములో నేనే అంకెలు రాసి, ఏదో వేలు పెట్టి చూపించమన్నాను. ఒకదాని మీద వేలు పెట్టాడు, తీసి ఇంకోదాని మీద పెట్టాడు. తరవాత తన వేలికేసి తనే ఎవరిదో చూసినట్టు చూసుకున్నాడు.

"పిల్లలకి ఫిజిక్స్ చెప్తావు కదమ్మా, లెక్క కట్టలేవా?" అంది వదిన ఇంటికొచ్చాక. కట్టాను. బరువుకి సరిపోయే గాలి ఉజ్జాయింపుగా వచ్చింది. కానీ స్టీరింగ్‌లో ఆయన చేతులకి ఏం తెలియాలో ఆ లెక్కలో లేదు. ముందు ఇరవైనాలుగు, వెనక ఇరవైయారు పెట్టాను. నడిపితే బాగానే ఉన్నట్టనిపించింది. నాకు తెలిసిన బాగు ఎంతపాటిది!

ప్రతి ఆదివారం ఆయన్ని అలాగే తిప్పేదాన్ని. ఓ వారం ఎదురుగా చేపల లారీ వచ్చింది. అలాంటి లారీల్లోంచి కారిన ఐసు నీళ్లతో రోడ్డంతా జారుడుగా ఉంది. తప్పుకుందామని తిప్పేసరికి వెనక చక్రాలు పక్కకి కొట్టుకుపోయాయి. కారు అడ్డంగా తిరిగి చెరువు గట్టు అంచున ఆగింది. కొంగలు గుంపుగా లేచిపోయాయి.

లారీ డ్రైవరు దిగి పరిగెత్తుకొచ్చాడు. "ఏవండీ, ఏమీ కాలేదు కదండీ?"

ఏమీ కాలేదు. అన్నయ్య పెదవులు కదులుతున్నాయి. చెబుతాడేమోనని ఆయన వైపు వంగాను. స్టీరింగ్ మీదున్న నా చేతి మీద తన ఎడమచెయ్యి వేశాడు.

"గాలి ఎక్కువైందా అన్నయ్యా? తక్కువైందా? ఇంక ఆపేద్దామా?"

"అవును" అన్నాడు.

తప్పు గాలిదా, తడిదా, నాదా అన్నది నాకు తెలియలేదు. తెలిసినవాడు నా పక్కనే ఉన్నాడు. మెల్లగా ఇంటికి తోలుకొచ్చి షెడ్డులో పెట్టేశాను.

మరుసటి ఏడాదికి కొన్ని మాటలు తిరిగొచ్చాయి. నీళ్లు, అన్నం, నా ముద్దుపేరు. అంకెలు రాలేదు. నిలబడ్డ బండి కాబట్టి టైర్లలో గాలి దిగిపోయేది. నేను ఫుట్ పంపుతో మళ్లీ అంతే కొట్టేదాన్ని, ఏదో ఒక అంకె ఉండాలి కాబట్టి. అన్నయ్య కుర్చీలో కూర్చుని గేజీలో ముల్లునే చూసేవాడు. ఒకసారి వాల్వు మూత పెట్టబోతుంటే నా చేతిలోంచి తీసుకుని, మెల్లగా ఒంగి, ఎడమచేత్తో చాలాసేపు తంటాలుపడి తనే బిగించాడు.