నాయన రెండుసార్లు అన్న మాట

నాకు మంచిపేరు తెచ్చిపెట్టిన అబద్ధం ఒకటి ఉంది. చెడ్డపేరు తెచ్చి ఉంటే ఎప్పుడో తలదించుకుని, తిట్లు తిని, తేలికపడేవాణ్ణి. మెప్పు తెచ్చింది కాబట్టే దింపుకోలేకపోయాను. ఊళ్ళో ఎవరైనా ఆనాటి సంగతి ఎత్తి నన్ను పొగిడినప్పుడల్లా గుండె మీద ఆ బరువు ఇంకాస్త పెరిగింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది కంబదూరు పక్కన చిన్న పల్లె. వానొస్తే వేరుశనగ, లేకపోతే లేదు. అమ్మ చిన్నప్పుడే పోయింది. ఇంట్లో మిగిలింది నాయన, నేను, తమ్ముడు. కరువు ఊరికి పిల్లనిచ్చేవాళ్ళు లేక నాకు పెళ్ళి కాలేదు. తమ్ముడు మీసాలు సరిగా రాకముందే నేవీలో చేరాడు. చెరువు నిండటమే ఎరగని ఊరివాడు సముద్రం మీద తిరుగుతున్నాడని అందరూ నవ్వేవాళ్ళు. నవ్వనీ. వాడి జీతం, ఓడ మీద ఉన్నన్నాళ్ళు దానికి తోడయ్యే భత్యం, అందులో సగానికి పైగా నెలనెలా మనియార్డరుగా మా గడపకు వచ్చేది. దాంతోనే తిన్నాం. దాంతోనే రెండు బోర్లు వేశాను. రెండూ ఎండిపోయాయి.

తొంభైల చివర్లో నాయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట ముద్దగా, నమిలినట్టు వచ్చేది. ఎవరికీ అర్థమయ్యేది కాదు. నీళ్ళు పోసేది, సంగటి మజ్జిగలో పిసికి తినిపించేది నేనే కాబట్టి నాకు మెల్లగా అలవాటైంది. నాయన ఏమన్నా జనానికి నేనే తిప్పి చెప్పాలి. నేను చెప్పిందే నాయన మాటని అందరూ నమ్మేవాళ్ళు. ఆ నమ్మకం ఊరికే రాలేదు, సేవ చేసి సంపాదించుకున్నాను. అదే నన్ను ఇప్పటికీ ఎక్కువ బాధపెడుతుంది.

తమ్ముడు సెలవులో వచ్చి నాయన కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. తిరిగి పోగానే డిశ్చార్జికి అర్జీ పెట్టుకున్నాడు. ఇంటి దగ్గర మనిషి తప్పనిసరి అని తేలితే నేవీ వాళ్ళు గడువుకు ముందే వదిలిపెడతారు. తేల్చమని ఇక్కడి రెవెన్యూ వాళ్ళకు రాస్తారు. కానీ పదిహేనేళ్ళు నిండకుండా వస్తే పింఛను రాదు, వాడికి ఇంకా నాలుగేళ్ళు తక్కువ. పింఛను పోతే పోనీ, నాయన దగ్గర ఉంటే చాలని జాబు రాశాడు. సరే రమ్మని నేనే జవాబు రాయించాను.

ఆ తర్వాత మూడో బోరు ఆశ పుట్టింది. కొబ్బరికాయ పట్టుకుని చేనంతా తిరిగిన మనిషి ఒకచోట ఆగి, ఇక్కడ జల ఉందన్నాడు. బోరు లారీ వాళ్ళకు మాటిచ్చేశాను. తమ్ముడు వచ్చేస్తే మనియార్డరు ఆగిపోతుంది. బోరూ ఆగిపోతుంది. ఇంతే. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండునని చాలాసార్లు వెతుక్కున్నాను. లేదు.

ఒక పొద్దున రెవెన్యూ ఇన్‌స్పెక్టరు విచారణకు వచ్చాడు. నలుగురూ గుమిగూడారు.

"ఏమప్పా, నీ తమ్ముడు రాకుంటే ఈడ గడవదా? నువ్వొక్కడివి చూసుకోలేవా?"

"నేను బతికుండంగా మా నాయనకు దిక్కు లేదని రాసుకుంటారా సార్?"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. మగాడి మాట అన్నట్టు చూశారు. ఇన్‌స్పెక్టరు మంచం దగ్గరికి జరిగాడు. "పెద్దాయనా, చిన్నకొడుకు రావల్లనా, వద్దా?"

నాయన ఎడమచెయ్యి ఎత్తాడు. నెమ్మదిగా, కష్టపడి, ఒక మాట అన్నాడు. నాకు స్పష్టంగా అర్థమైంది.

"ఏమంటాండాడప్పా?"

"ఉద్యోగం వదులుకోవద్దంటాండాడు సార్. చిన్నోని బతుకు చెడిపోతాదంటాండాడు."

నాయన నా వైపు చూశాడు. మళ్ళీ అన్నాడు. ఈసారి గట్టిగా, మెడ నరాలు ఉబ్బేలా.

"మళ్ళా అదేనా?"

"అవును సార్. అదే."

ఇన్‌స్పెక్టరు కళ్ళు తుడుచుకుని, ఇట్లాంటి తండ్రి ఉండాల అన్నాడు. వేలిముద్ర అడిగాడు. నాయన పిడికిలి బిగించాడు. ఆ వేళ్ళు విప్పింది నేనే. ఒక్కో వేలూ విప్పాను. పెద్దగా బలం అక్కర్లేకపోయింది.

తమ్ముడి అర్జీ తోసేశారు. మూడో బోరులో దుమ్ము తప్ప ఏమీ లేవలేదు. నాయన ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. పెట్టింది తిన్నాడు. నీళ్ళు కావాలంటే గ్లాసు వైపు చూసేవాడు. మరుసటి ఎండాకాలం పోయాడు. తమ్ముడి ఓడ ఎక్కడో నడి సముద్రంలో ఉంది. దినాలు కూడా అయిపోయాక వచ్చి, ఖాళీ మంచం మీద కూర్చున్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది కదా? వాడికి అన్నం వడ్డించాను.

గడువు నిండాక తమ్ముడు పింఛనుతో వచ్చాడు. బుక్కరాయసముద్రంలో ఇల్లు కట్టుకున్నాడు. ఏటా నాయన తద్దినం నాడు పిల్లల్ని పటం ముందు నిలబెట్టి, "మీ తాత ఆ పొద్దు వద్దనకపోయుంటే మనకు ఈ పింఛను యాడిది?" అంటాడు. నా వైపు తిరిగి, "నాయనకు అంత ముందుచూపు ఎట్లొచ్చిందన్నా?" అంటాడు. నేను నెయ్యి వడ్డిస్తూ ఉంటాను.

చెబితే వాడికేం మిగులుతుంది? ముందుచూపున్న తండ్రి పోతాడు, మంచి అన్న పోతాడు. వాడి కోసమే దాస్తున్నానని కొన్నాళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది కూడా తిప్పి చెప్పడమే, నాయన మాట తిప్పినట్టే. నిజానికి నాకు భయం. వాడి ముఖం చూడాలంటే భయం. మీరు నన్ను క్షమించనక్కర్లేదు, క్షమించడానికి మీరెవరు? కానీ ఆ మాట ఒక్కసారైనా నాయన అన్నట్టే నా నోట రావాలి. నేను పోతే దాన్ని ఎరిగినవాడు ఇంకెవడూ ఉండడు.

నాయన ఆ పొద్దు రెండుసార్లు అన్నది ఇది.

"చిన్నోన్ని రమ్మను. పెద్దోడు ఒక్కడే సచ్చిపోతాండాడు."