బబులోను మేస్త్రీ

మా రూమ్‌లో అందరం ఆయన్ని బబులోను మేస్త్రీ అనేవాళ్ళం. గుంటూరు వైపు క్రైస్తవుడు. ఇల్లు గుర్తొచ్చి ఎవరు దిగులుపడ్డా, బబులోనుకు చెరపోయిన యూదుల కథ ఎత్తుకునేవాడు. మేం నవ్వేవాళ్ళం.

అప్పుడు మేం పనికి పోయిన అరబ్బు దేశంలో, సలాలా కొండల్లో యుద్ధం నడుస్తోంది. ఒక మధ్యాహ్నం మా రోడ్డు సైట్ పక్కనే గుండ్లు పడ్డాయి. అందరం కాలువ కోసం తవ్విన గోతిలోకి దూకాం. మట్టి మా మీద పడుతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

“అన్నా, గింత దూరంకెల్లి మొక్కితే మా కొండగట్టు అంజన్నకు ఇనవడ్తదా?” అన్నాను.

మేస్త్రీ నా చెయ్యి పట్టుకున్నాడు. “గుడి కాలిపోయి చెరపోయినప్పుడు ఆ యూదులూ ఇట్టాగే ఏడ్చారు తమ్ముడూ, దేవుడు అక్కడే ఉండిపోయాడని. ఆయన తమతోనే వచ్చాడని పరాయి దేశంలోనే తెలిసింది. మొక్కు, వింటాడు.”

కళ్ళు మూసుకుని మొక్కాను. ఇంకో గుండు మరీ దగ్గరగా పడింది. కళ్ళు తెరిస్తే మేస్త్రీ పెదాలు పాలిపోయి ఉన్నాయి.

“నా కోసం కూడా మొక్కు తమ్ముడూ,” అన్నాడు. “నాకు నోరు పెగలట్లేదు.”

గుండ్లు ఆగేదాకా ఇద్దరి కోసం అంజన్నను పిలుస్తూనే ఉన్నాను.